రెండు మిల్లీమీటర్ల దయ

నేను గీసే ప్రతి ముక్క బరువూ, అది ఇంకా రేకులోంచి బయటికి రాకముందే, కంప్యూటరు నాకు చెప్పేస్తుంది. మందం ఇంత, వైశాల్యం ఇంత, బరువు ఇంత. ఒక్క ముక్క విషయంలో మాత్రం అది తప్పు చెప్పింది. దాని లెక్క ప్రకారం ఆ ముక్క ఒక కొబ్బరికాయంత కూడా తూగదు. నేను దాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. దించడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే ఓదారుస్తారు. ఆ ఓదార్పు తీసుకునే హక్కు నాకు లేదు.

ముందు నా పనేమిటో చెప్పాలి. తమిళనాడు రాజపాళయంలో ఒక లేజర్ కటింగ్ పట్టరైలో డిజైనర్ని. వర్క్‌షాపును మా ఊళ్ళో పట్టరై అనే అంటాం. డిజైనర్ అనగానే గొప్పగా ఊహించుకోకండి. మిల్లులవాళ్ళు విరిగిన పాత ముక్కో, చేత్తో గీసిన వంకర బొమ్మో తెస్తారు. దాన్ని నేను, విప్పి పరిచిన అట్టపెట్టెలాగా, కంప్యూటర్లో చదునుగా గీసివ్వాలి. కోయవలసిన గీతకు ఒక రంగు, మడవవలసిన గీతకు ఇంకో రంగు. రంగు తప్పితే మడవాల్సిన చోట తెగిపోతుంది. మడత మూలల్లో చిన్న గాటు వదలాలి, లేకపోతే రేకు చిరుగుతుంది. లేజర్ తినేసే వెంట్రుకంత సందును ముందే లెక్కలో పట్టుకోవాలి. అంతే. పెళ్ళిచూపుల్లో మా మామగారు అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే, మా పెద్దమ్మ "కోతలు కోస్తాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికి అది వేళాకోళమే.

లేజర్ గురించి ఒక మాట. మనిషి కత్తెర పట్టుకుంటే ఎక్కడో ఒకచోట చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటులో ఒక్కోసారి తప్పు బయటపడుతుంది. లేజర్ తడబడదు. సన్నగా ఈల వేసుకుంటూ, కింద నిప్పురవ్వలు రాలుస్తూ, నేను ఏది గీస్తే అదే కోస్తుంది. నా తప్పును కూడా అంతే శుభ్రంగా, అంచున ఒక్క గరుకు లేకుండా కోసింది.

సత్రపట్టి దారిలో ఉన్న ఒక కట్టుగుడ్డ మిల్లు నుంచి ఆ పని వచ్చింది. ఆస్పత్రుల్లో గాయాలకు కట్టే పల్చటి గుడ్డను చుట్టలు చుట్టే మిషన్లు అక్కడ ఉంటాయి. ఆ మిషన్ల పక్కన గొలుసూ పళ్ళచక్రాలూ తిరుగుతుంటాయి కదా, వాటికి మూతలు కావాలి. గార్డులు. పాత గార్డులకు గుండ్రటి చిన్న చిల్లులు ఉండేవి. దూది నూగు పట్టి అవి పూడిపోయేవి, లోపల వేడెక్కేది. మిల్లు ఫిట్టరు దొరై ఒక పాత గార్డు నా బల్లమీద పడేసి, చెప్పవలసింది ఒక్క ముక్కలో చెప్పాడు.

"పంజు బయటికి రావాల, వేలు లోపలికి పోగూడదు. అంతే అన్నా."

పంజు అంటే మా దగ్గర ఆ దూది నూగు.

గుండ్రటి చిల్లు అంటే లేజర్‌కు విసుగు. ప్రతి చిల్లుకూ ఆగాలి, పొడవాలి, కోయాలి, లేవాలి, పక్కకు పోవాలి. రేకు వేడికి అప్పడంలా లేస్తుంది కూడా. నేను చిల్లులన్నీ తీసేసి, నిలువుగా పొడుగాటి సందులు గీశాను. పంజు రాలిపోతుంది, గాలి ఆడుతుంది, మిషను సమయం సగానికి సగం మిగులుతుంది. సందు వెడల్పు ఎంత ఉండాలి? వేలు పోకూడదు. ఎవరి వేలు? ఈ ప్రశ్న అప్పుడు నాకు రాలేదు. కంప్యూటరు ముందు కూర్చున్నది నేను, పక్కన ఉన్న వేలు నాది. కాలిపర్ తీసుకుని నా చూపుడు వేలి కణుపు కొలిచాను. దాంట్లోంచి రెండు మిల్లీమీటర్లు తగ్గించాను. ఎందుకైనా మంచిదని. ఆ రెండు మిల్లీమీటర్లు నా దయ అనుకున్నాను.

నా వేళ్ళ సంగతి మీకు తెలియదు. మా అమ్మ వాటిని పసుపు కొమ్ములు అనేది, అంత లావు.

మొదటి ముక్క కోసి తెచ్చారు. పట్టరైలో అందరం చుట్టూ చేరాం. నేను వేలు పెట్టి తోశాను, పోలేదు. మడత మిషను దగ్గర పనిచేసే ఆయన పెట్టాడు, పోలేదు. మొదలాళి, అంటే మా యజమాని, పెట్టాడు. ఆయన వేలికి ఉంగరం, కొన కూడా దూరలేదు. "మన పట్టరైలో అందరికీ అందరి పనిలోనూ వేలు పెట్టడం అలవాటు, ఇవాళ ఒక్కరి వేలూ పోలేదు" అన్నాను నేను. పెద్దగా నవ్వారు. మొదలాళి ఆ నవ్వులోనే మిల్లుకు ఫోను చేసి, మా డిజైనరు బుర్రే బుర్ర అని నా ఎదుటే పొగిడాడు. ఆ పట్టరైలో ఆడవాళ్ళు లేరు. చూడండి, ఎంత చిన్న విషయమో. మేం అందరం లావుపాటి మగవాళ్ళం ఒక రేకు చుట్టూ నిలబడి, ఆ మిషన్ల దగ్గర పనిచేసేది ఎవరో ఒక్కరం కూడా తలుచుకోలేదు.

ఇంతవరకు జరిగింది పొరపాటే. పొరపాటుకు ఒప్పుకోలు అక్కరలేదు. తప్పు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

మా పట్టరైలో ఒక వాడుక ఉంది. మొదటి ముక్కను గిరాకీకి పంపం. గీసినవాడు ఇంటికి తీసుకుపోవాలి. మా అందరి ఇళ్ళలోనూ ఇలాంటి ముక్కలు ఉంటాయి. కొన్ని తాళాలు తగిలించే కొక్కేలయ్యాయి, కొన్ని మందుసీసాల అరలయ్యాయి. ఈ సందుల రేకు, ఇంకా మడవనిది, మా వంటింట్లో వేడిగిన్నెలు దింపుకునే పీట అయింది. ఆ ఆదివారం నా భార్య తోముతోంది. సాంబారు పొంగి సందుల్లో పసుపు పట్టింది. నేను గుమ్మంలో కాఫీ తాగుతూ నిలబడ్డాను.

"ఊరికంతా ఇనుము కోసిస్తారు, ఇంట్లో సొరకాయ కోయమంటే చేయి రాదు," అంది తను. "ఈ రేకు గీసినవారు ఎవరప్పా, మూల మూలా మురికి పోయేటట్టు గీసినారు."

అంటూనే కొబ్బరిపీచు వేలికి చుట్టుకుని సందులో పెట్టి రుద్దింది. వేలు అవతలికి వచ్చింది. పీచుతో సహా. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, హాయిగా. పసుపు నీళ్ళు కారుతూ ఆ వేలి కొన రేకు వెనకనుంచి నావైపు కదులుతోంది.

"ఏమి అట్ల చూస్తారు? కాఫీలో చక్కెర లేదా?"

ఉందన్నాను.

అప్పటికి గార్డులన్నీ కోసి, మడిచి, రంగు వేయడానికి పోయాయి. ఇంకా మిల్లుకు చేరలేదు. సోమవారం పొద్దున మొదలాళి గదిలోకి పోయి ఒక్క మాట చెబితే చాలు. ఆ గది గుమ్మం దాకా పోయాను కూడా. లోపల ఆయన ఎవరికో నా సందుల గురించే చెబుతున్నాడు, చేతులు ఊపుకుంటూ. నేను గుమ్మంలోంచి వెనక్కి తిరిగాను. ఎందుకు? భయమా? ఉద్యోగం పోదని నాకు తెలుసు. ఆయన కోపిష్టి కాదు. నవ్వి ఊరుకునేవాడేమో. బహుశా ఆ నవ్వుకే భయపడ్డాను. బుర్రే బుర్ర అన్న నోటితోనే ఇంకో మాట వినాల్సి వస్తుందని. తిరిగే చక్రంలో ఎవరు వేలు పెడతారు, పెట్టరు కదా, అని నాకు నేను చెప్పుకున్నాను. నేనే జడ్జీని, నేనే ప్లీడర్ని. ఆ కేసు గెలిచాను.

గార్డులు పోయాయి. బిగించారు. బాగున్నాయన్నారు.

ఆ తర్వాత నెలల్లో నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఎవరి చెయ్యి చూసినా వేలి మందమే కనిపించేది. పూలు కట్టే చేతులు, టౌన్‌ బస్సులో టికెట్టుకు చాచిన చేతులు, షేర్‌ ఆటో కడ్డీ పట్టుకున్న చేతులు. పోతుంది. పోదు. పోతుంది. పోతుంది. పట్టరైలో ఫోను మోగినప్పుడల్లా, అవతలి గొంతు ఏమంటుందో తెలిసేదాకా నేను మౌసు కదపలేకపోయేవాణ్ణి. చాలాసార్లు అది రేకులవాడో, గ్యాసు సిలిండర్లవాడో. అలా అలవాటయింది. భయం కూడా, కొంతకాలానికి, ఒక సామాను మాదిరి ఇంట్లో మూలన కూర్చుంటుంది.

దీపావళి వచ్చే ఐప్పసి నెలలో, వానలు పట్టిన రోజుల్లో ఆ ఫోను వచ్చింది. మొదలాళి నన్ను చూసి, "మిల్లులో ఏదో చిన్న తొందర, నీ గార్డు చూడల్లంట, పోయి రా," అన్నాడు. తొందర అంటే మా దగ్గర ఇబ్బంది. ఏమిటని నేను అడగలేదు. అడగలేదన్న సంగతి ఆయన గమనించలేదు. స్పానరు తీసుకుని బండెక్కాను. దారి పొడుగునా మగ్గాల చప్పుడు వానలో కలిసి ఒకటే మోత.

ఆ ఒక్క మిషను ఆపి ఉంచారు. చుట్టూ మిగతావి తిరుగుతున్నాయి. మేనేజరు, దొరై, పక్క మిషన్ల ఆడవాళ్ళు కొందరు. గుడ్డ మూట మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పేరు కనక. ముందురోజు ఆస్పత్రి నుంచి వచ్చిందట. కుడిచేతికి తెల్లటి కట్టు. ఆ కట్టుగుడ్డ ఈ మిల్లుదే అయ్యుంటుంది, ఆమె చుట్టిన చుట్టే అయ్యుంటుంది అన్న ఆలోచన నాకు వచ్చింది. అలాంటి ఆలోచనలు నాకు చాలా తేలిగ్గా వస్తాయి. ఆమె చూపుడు వేలు సగం పోయింది. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశారట. తీసినవాళ్ళెవరూ గార్డు సంగతి నోరెత్తడం లేదు.

"వచ్చినాడప్పా డిజైనరు," అన్నాడు మేనేజరు. "ముందు ఆ గార్డు విప్పి ఇటు తే. దాంట్లో వేలు పోతుందని ఈ పాప సాధిస్తుంది. తీసేసి చేయి పెట్టింది, తర్వాత ఎవరో బిగించినారని నేను చెప్తుండాను."

మిషను పక్కన వంగాను. నాలుగు బోల్టులు. వాటి తలల మీద నూనె, పంజు కలిసి తారులాగా గట్టిపడి ఉంది. నెలల తరబడి ఎవరూ స్పానరు తగిలించలేదని చెప్పడానికి ఇంకేం కావాలి? నా వెనక నిలబడినవాళ్ళకు అది కనబడదు. నా ఒళ్ళు అడ్డం. ఒక్క క్షణం చూశాను. బొటనవేలితో తుడిచేశాను. ఒకటి తర్వాత ఒకటి, నాలుగూ. ఆ నల్లటి జిగురు నా ప్యాంటుకు రాసుకున్నాను. తర్వాత విప్పాను.

గార్డును అందరి ఎదుటా నిలబెట్టి పట్టుకుని నా చూపుడు వేలు సందులో పెట్టాను. తోశాను. పోలేదు.

మేనేజరు నవ్వాడు. "చూసినావా కనకా? ఆ లావు మనిషి నిలబడి తోస్తే పోలేదు. నీ వేలు ఏమి, గాలా?"

"అన్న వేలు లావు సార్. నాది పోతుంది. పంజు వేలాడతా ఉండింది, లాగేదానికి పెట్టినాను. అందరూ లాగుతారు." ఆమె పక్క మిషన్లవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు నేల చూశారు. "ఇదో, ఈ చేయి చూపిస్తాను చూడండి."

లేచింది. ఎడమ చెయ్యి చాచుకుని నావైపు వచ్చింది. ఇద్దరి మధ్యా ఒక్క అడుగు. ఆ అడుగు పడి ఉంటే ఈ కథ లేదు. నేను గార్డును తిప్పి చంకలో పెట్టుకున్నాను.

"వద్దమ్మా. అంచు కోసుకుంటుంది," అన్నాను.

ఎంత నెమ్మదిగా అన్నాననుకున్నారు. అక్కడున్నవాళ్ళందరికీ అది జాలిగానే వినిపించి ఉంటుంది. తర్వాత మేనేజరు వైపు తిరిగి, "గార్డు సరిగానే ఉండాది సార్. తీసిండాల," అన్నాను.

"నేను తీయలేదన్నా. తీసినట్టు జ్ఞాపకం లేదు."

"జ్ఞాపకం లేదా?" మేనేజరు ఆ మాట పట్టుకున్నాడు. "అట్ల చెప్పు. ముందే అట్ల చెప్పిండల్ల."

ఆమె నావైపు చూసింది. కోపంగా కాదు. లెక్కలో ఎక్కడ తప్పిందో వెతుక్కునే పిల్ల చూసినట్టు.

వైద్యం చేయించి, అజాగ్రత్త ఆమెదేనని చెప్పి, పనికి రావద్దన్నారు. నేను ఆ గార్డు పట్టుకుని వచ్చేశాను. ఆ వారంలోనే మొదలాళికి, పొడుగు సందుల వల్ల రేకు అదురుతోంది, చప్పుడొస్తోంది, మన ఖర్చుతో మార్చిద్దాం, పేరు నిలబడుతుంది అని చెప్పాను. సన్నటి సందులతో కొత్తవి గీశాను. ఈసారి వెడల్పు ఎంత పెట్టాలో నాకు బాగా తెలుసు. పాతవన్నీ ముక్కలై తుక్కులోకి పోయాయి. మొదలాళి నన్ను మళ్ళీ పొగిడాడు. కనీసం ఆ తర్వాత ఇంకెవరికీ దెబ్బ తగల్లేదు కదా అని మీరు అనబోతున్నారేమో. నేనూ ఆ మాట చాలాసార్లు అనుకున్నాను. కానీ ఆ మార్పు ఆమె చెప్పింది నిజమని తెలిసినవాడు చేసిన పని. అంటే, ఆమె మాటను పూర్తిగా నమ్మిన ఒకే ఒక్క మనిషిని నేను. నమ్మి, కాదన్నాను.

నన్ను వేలెత్తి చూపవలసిన మనిషికి చూపుడు వేలే లేకుండా చేశాను. ఈ వాక్యం రాసి కొట్టేశాను. మళ్ళీ రాశాను. ఇక్కడ కూడా నా బుర్ర మాటలతో ఆడుకోవడం మానలేదు. అది ఎలాంటి బుర్రో మీరూ చూడాలని ఉంచేశాను.

తుక్కులోకి పోని ముక్క ఒక్కటే ఉంది. మా వంటింట్లోది. ఒకసారి దాన్ని సంచిలో పెట్టుకుని పట్టరైకి తీసుకుపోయాను, కోసిపారేద్దామని. సాయంత్రం ఇంటికొస్తే, "నా రేకు ఏమైంది, పాలగిన్నె నా తల మీద దింపుకునేదా?" అని తను ఇల్లంతా వెతుకుతోంది. మర్నాడు తిరిగి తెచ్చిచ్చాను. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది. పసుపు పట్టినప్పుడల్లా తను పీచు చుట్టుకుని వేలు పెడుతుంది. ఆ సమయానికి నేను వంటింటి వైపు పోను.

ఇలాగే గడిచిపోయేదేమో. పోయిన నెల సత్రపట్టి బస్సులో నా పక్క సీటు ఖాళీ అయి ఒకామె వచ్చి కూర్చుంది. ముందు చెయ్యి కనిపించింది. తర్వాతే మొహం.

"అన్నా, బాగుండారా? తెలియలేదా? నేను కనక. ఆ గుడ్డ మిల్లు."

బాగున్నానన్నాను. ఆమె దిగవలసిన చోటు ఎంత దూరమో కిటికీలోంచి చూశాను. ఆమె మాత్రం చుట్టాన్ని చూసినట్టు సంతోషంగా మాట్లాడింది. పెళ్ళయిందట, పాప బడికి పోతోందట. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ దినం మిమ్మల్ని కూడా వానలో పిలిపించి నిలబెట్టినారు, పావం. నా వల్ల మీకు తొందర."

నేను చేతిలోని టికెట్టును సన్నగా మడిచాను.

"చాన్నాళ్ళు యోచన చేసినానన్నా. తీయలేదు, తీయలేదు అనే తోచేది. అయినా గార్డు గీసినవారే చెప్పినారు కదా, మీరు ఎందుకు అబద్ధం చెప్తారు? నేనే తీసిండాల. ఇప్పుడు తీసినట్టే జ్ఞాపకం వస్తుంది." చిన్నగా నవ్వింది. "పాపకు కూడా అదే చెప్తుంటాను. అమ్మ మాదిరి అజాగ్రత్తగా ఉండొద్దు, అమ్మ చేసిన తప్పుకు అమ్మ వేలు పోయిందని."

ఆమె దిగేచోటు వచ్చింది. "చూసి దిగమ్మా," అన్నాను. అంతే అన్నాను. ఆమె తల ఊపి దిగిపోయింది.

వేలు మిషను తీసుకుంది. ఆ నిందలో సగం నాదైనా, సగం ఇనుముది, పంజుది, తిరిగే చక్రానిది అని ఎప్పుడైనా సర్దుకోవచ్చు. కానీ ఆమె చూసినది, ఆమె చేసినది, ఆమెకు ఖాయంగా తెలిసినది, దాన్ని ఆమె తలలోంచి తీసేసింది ఎవరు? అక్కడ ఏ మిషనూ లేదు. నేనే ఉన్నాను. నా కోత అంచు ఎంత శుభ్రంగా వచ్చిందంటే, కోసినట్టు ఆమెకు కూడా తెలియలేదు. తనే చేసుకున్నానని నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని పిల్లకు అన్నంతో పాటు తినిపిస్తోంది.

వంటింటి ముక్క ఇప్పుడు నా బల్లమీద ఉంది. భార్య అడిగితే పని ఉందన్నాను. దీన్ని తీసుకుని సత్రపట్టి పోతానా? కనక ఎడమ చెయ్యి ముందు పెట్టి, పెట్టి చూడమ్మా అంటానా? పోతానని ఇక్కడ రాయడం తేలిక. రాస్తే మీరు నన్ను కాస్త మంచివాడనుకుంటారు. అది మళ్ళీ కోతే అవుతుంది. రాయను. క్షమించమని కూడా అడగను. ఎవరిని అడగాలో వాళ్ళకు, క్షమించడానికి నా వైపు ఏదైనా ఉందన్న సంగతే తెలియదు.

ఒక్కటి మాత్రం, ఇన్నేళ్ళలో మొదటిసారి, రంగు తప్పకుండా గీస్తాను. ఇది రాస్తుంటే ఛాతీలో ఏదో వదులవుతోంది. అది నాకు దక్కకూడనిదే, అయినా వదులవుతోంది.

కనకా, నువ్వు గార్డు తీయలేదు. నాలుగు బోల్టుల మీదా పంజు గట్టిపడి ఉంది. నేను చూశాను, నేనే తుడిచాను. నీకు జ్ఞాపకం వస్తున్నది జరగలేదు. నువ్వు ఆ రోజు చెప్పిందే జరిగింది. ఆ సందులో నీ వేలు పోతుంది. నాకు ముందే తెలుసు.